సాఫీ గీత

"అక్కా, నీ బొమ్మ డైనమోమీటరు ఎంచక్కా తిరిగిందిగా! ఇవాళ అసలుదాని వంతు," అంటూ తమ్ముడు ఆమె కప్పులోని కాఫీ సగం తాగేశాడు. హోరు వినబడకుండా చెవులకు పెట్టుకునే మఫ్‌ను కుర్చీ వీపుకు తగిలించి, కబుర్లలో దాన్ని మరిచిపోయి, కింద టెస్టు గదికి దిగిపోయాడు.

ఆమె నవ్వుకుంటూ మౌసు అందుకుంది. వంగిన భుజాలు, కళ్లద్దాల కాడకు చుట్టిన దారం. ఇంజను బలాన్ని కొలిచే ఆ యంత్రాన్ని కంప్యూటర్లో పేర్చి, తిప్పి చూపడం ఆమె పని. ఎప్పుడో ఒకసారి లెక్క తప్పిందని మీటింగులో అందరూ పగలబడి నవ్వారు. అప్పటినుంచి గ్రాఫు చేతిలో లేనిదే ఆమె అవుననీ అనదు, కాదనీ అనదు.

నమూనాను భద్రపరచబోతూ ఒక అంకె దగ్గర ఆగింది. ఇంజన్ని యంత్రానికి కలిపే షాఫ్టు కుదుపును మింగే డ్యాంపింగ్ అసలుదానికి పది రెట్లుంది! లెక్క మాటిమాటికీ ఆగిపోతుంటే, అప్పటికి గట్టెక్కడానికి తనే పెంచింది. మళ్లీ తగ్గించడం మరిచింది. అందుకే గ్రాఫులో అంత సాఫీగా వచ్చింది కుదుపు గీత. ఆ గీతను నమ్మే కింద ఇవాళ్టి టెస్టుకు ఇంజను వేగం ఖాయం చేశారు.

ఫోను మీద చెయ్యి వేసి, తీసేసింది. తీరా ఏమీ కాకపోతే? మళ్లీ నవ్వులపాలు. అంకె సరిచేసి నడిపితే తేలిపోతుంది. మఫ్ ఇక్కడే ఉంది కదా, దానికోసం రాకుండా వాడు మొదలుపెట్టడు.

గీత తెరమీద పాకుతోంది. "త్వరగా తల్లీ, త్వరగా," అని కంప్యూటర్ని బతిమాలింది. గీత ఒక్కసారిగా నిటారుగా లేచింది. కింద ఖాయం చేసిన ఆ వేగాన్ని షాఫ్టు తట్టుకోదు.

ఫోను చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. అప్పుడు వినబడింది, కింద ఇంజను హోరు.

"ఒరేయ్ తమ్ముడూ, ఆపరా! ఆపండ్రా!" బతుకులో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు. మెట్లు సగం దిగేసరికి గోడ అదిరింది. హోరు ఆగిపోయింది.

మెట్ల కింద, టెస్టు గది తలుపు దగ్గర మెకానిక్ అడ్డం నిలబడ్డాడు.

"వద్దక్కా, లోపలికి రావద్దు. షాఫ్టు ముక్క అద్దం పగలగొట్టుకుని వాడి మీదికే..." అతను తల తిప్పుకున్నాడు. "మఫ్ తెచ్చుకోరా అంటే, మళ్లీ మెట్లెక్కాలా అని చెవుల్లో దూది కుక్కుకున్నాడు. ఫోను కూడా వినబడి ఉండదు."

ఆమె ఆఖరి మెట్టు మీదే కూలబడింది. మళ్లీ పై అంతస్తుకు ఎక్కలేదు, ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ.

పైన, ఊడ్చే మనిషి ఆమె కుర్చీని రోజూ బల్ల కిందికి నెడుతుంది. దాని వీపుకు మఫ్ అలాగే వేలాడుతోంది, ఎడమవైపు మెత్త తమ్ముడి చెవికి అదిమీ అదిమీ చదునైపోయి.