అవర్ హస్బెండ్

"చూడ్డమేగా నీ పని, చేతులు ఖాళీయేగా" అని అత్తయ్య సోయా మొలకల గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కో మొలకకీ తోక తుంచాలి. చారులో తోక కనబడితే మా ఆయన దోంగ్యున్ చెంచా కింద పెట్టేస్తాడు. అందుకని ఆ ఉదయం పదింటికి వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన గిన్నె, గిన్నెలో నా తడి చేతులు. ముప్పై తొమ్మిదేళ్లొచ్చాక ఇంగ్లీషు టీచరుగా శిక్షణ తీసుకుంటున్నాను. ఆరు ఆన్‌లైన్ క్లాసులు పరిశీలించాలి, ఇది ఆఖరిది. నియమం ఒకటే. మైకు, కెమెరా ఆపేసి నీడలా కూర్చోవాలి. క్లాసు మధ్యలో నోరు విప్పితే ఆరూ మళ్లీ మొదటి నుంచి. నీడలా ఉండటం నాకు కొత్త కాదు కాబట్టి అది పెద్ద కష్టమనిపించలేదు. కష్టమంతా దోంగ్యున్ పెట్టిన గడువుతోనే. "నెలాఖరు దాకా చూద్దాం. ఆ తర్వాత ఈ సరదా చాలు" అన్నాడు.

క్లాసులో ఉన్నది ఇద్దరే. ఒకమ్మాయి యెరిన్, ఉద్యోగాల వేటలో ఉంది. రెండో ఆవిడ మాల్సున్ గారు, అరవై ఆరేళ్లు, బట్టలుతికే దుకాణం ఆమెది. వెనకంతా ప్లాస్టిక్ తొడిగిన కోట్లు వేలాడుతున్నాయి. ఇక ఆడపిల్లలు చాలు అనుకున్న ఇళ్లలో పెట్టే పేరు మాల్సున్. ఆమె పైన ఎంతమంది అక్కలున్నారో మరి. టీచరు చో గారు, మీ ఇంట్లో వాళ్లకి తెలియని సంగతి ఒకటి చెప్పమన్నారు. మాల్సున్ గారు అరచేతిలో ఏదో రాసుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పింది. "నేను చదువుకుంటున్నానని అవర్ హస్బెండ్‌కి తెలీదు."

మా కొరియన్ భాషలో మా ఆయన, మా అమ్మ, మా ఇల్లు అంటాం. ఒక్కతే కూతురైనా 'మా అమ్మ' అనే అంటుంది. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి దించితే నలుగురు ఆడవాళ్లకి కలిపి ఒకే మొగుడు ఉన్నట్టు వినిపిస్తుంది. నాకు ఫక్కున నవ్వొచ్చింది. మొలకల హడావిడిలో మైకు ఆపడం మరిచిపోయానని ఆ నవ్వు అవతలి వాళ్ల స్పీకరులోంచి నాకే తిరిగి వినిపించాక తెలిసింది.

"యెరిన్, పెద్దావిడ మాట్లాడుతుంటే నవ్వడమేంటమ్మా?" అన్నారు చో గారు.

"నేను కాదండీ టీచర్."

"సరే, సరేలే." నమ్మలేదని ఆ గొంతే చెబుతోంది.

మాల్సున్ గారు తల వంచుకుని మా భాషలోనే అంది. "పోనీండి టీచరమ్మా. నా ఇంగ్లీషు నవ్వొచ్చేదేలెండి. పిల్లనేం అనకండి."

నేను దొంగలా వేలు పోనిచ్చి మైకు ఆపేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎందుకంటే ఆ నవ్వు నేను ఇంతకుముందు విన్నాను. నాలుగేళ్ల కిందట దోంగ్యున్ ఆఫీసు విందులో, విదేశం నుంచి వచ్చిన అధికారితో ధైర్యం చేసి ఒక్క వాక్యం మాట్లాడాను. అవర్ హస్బెండ్ చాలా కష్టపడతారు అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరి ముందు దోంగ్యున్ ఫక్కున నవ్వాడు. "మా దాయిన్ వాళ్లమ్మ ఇంగ్లీషుకి మొగుడు ఒక్కడు చాలడండోయ్" అన్నాడు, ఎప్పట్లాగే నన్ను మా అమ్మాయి పేరుతో పిలుస్తూ. అప్పట్నుంచీ ప్రతి పండక్కీ, నేను చారు వడ్డిస్తుండగా, చుట్టాలందరికీ అదే కథ. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంది. వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. దాయిన్ హోంవర్కు కోసమని చెప్పి వ్యాకరణం పుస్తకం కొన్నది ఆ విందు తర్వాతే. ఇంగ్లీషు నేర్చుకుంటే ఇంకెవరూ నన్ను చూసి అలా నవ్వరనుకున్నాను. ఇంగ్లీషు వచ్చింది, దాంతో పాటు ఆ నవ్వూ వచ్చింది.

పరిశీలన కాగితంలో 'విద్యార్థి తప్పులు' అన్న చోట అప్పటికే రాసేశాను కూడా, 'అవర్' కాదు, 'మై' అనాలని. చక్కటి అక్షరాలతో రాశాను. తెర మీద యెరిన్ పెదవి కొరుక్కుంటోంది. మాల్సున్ గారు ఆ తర్వాత ఏ ప్రశ్నకీ అవును, కాదు తప్ప మాట్లాడలేదు.

"అయ్యాయా మొలకలు?" అని హాల్లోంచి అత్తయ్య కేకేసింది.

"లేదత్తయ్యా" అని చేతులు తుడుచుకున్నాను. కెమెరా తెరిచి మైకు ఆన్ చేశాను.

చో గారి కనుబొమలు పైకి లేచాయి. "హ్యేరిమ్ గారూ, నియమం తెలుసుగా?"

"తెలుసండీ. ఆరూ మళ్లీ చూస్తాను. మాల్సున్ గారూ, నన్ను క్షమించండి. నవ్వింది యెరిన్ కాదు. ఆ నవ్వు..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగాను. ఆ భాషలో ఎవరిదో చెప్పకుండా ఆ వాక్యం ముందుకు సాగదు. మా ఆయనదని చెప్పి తప్పించుకోవచ్చు, అది అబద్ధమూ కాదు.

"మైన్" అన్నాను. పదమూడేళ్ల కాపురంలో ఇది నాది అని నేను పైకి చెప్పుకున్నది అదొక్కటే.