వదిన ఎక్కితే ఆగిపోయే కారు

మా అన్నయ్య ఆర్వో ఒక్కడే నడిపితే ఆ కారు ఎంత దూరమైనా పోతుంది. పక్కన మా వదిన హెల్మి కూర్చుందంటే చాలు, నడిరోడ్డు మీద చచ్చి ఊరుకుంటుంది. కల్పించి చెప్పడం లేదు. ఒక్క నెలలో మూడుసార్లు జరిగింది. మూడోసారి హాన్‌కాక్ వంతెన ముందు, పడవ కోసం వంతెన పైకి లేచి ఉన్నప్పుడు. అది దిగాక వెనక ముప్పై కార్లు హారన్లు కొడుతుంటే మా అన్నయ్య దిగి తోశాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి!

పాపం నాదే. ఆ కారు అరవై రెండు మోడలు. అందులో స్పార్కు పుట్టాలంటే పాయింట్లని రెండు చిన్న బిళ్ళలు క్షణక్షణం కలుస్తూ విడిపోతూ ఉండాలి. అవి అరుగుతాయి. ఏటా మంచు కరగగానే అన్నయ్య వాటిని ఆకురాయితో రుద్ది, మధ్యలో అగ్గిపెట్టె అట్టముక్క దూర్చి సందు సరిచూసేవాడు. కొలిచే పరికరాలు పిరికివాళ్ళకట. ఈమధ్య వేళ్ళు వణకడం మొదలైంది, సందు కుదరడం లేదు, కారు మొరాయిస్తోంది. వదిన అమ్మేయమంది.

అప్పుడు నేను దూరాను. "పాయింట్లు పీకి పారేద్దాం అన్నయ్యా. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడదాం. ఇంతే ఉంటుంది నల్లముక్క. అరిగేదీ లేదు, రుద్దేదీ లేదు."

"నాకు తెలియనిది నా కారులో ఉండకూడదే సైమా," అన్నాడు.

"నీకు తెలిసినవి ఉండి ఏం ఉద్ధరించాయి?" అన్నాను.

ముప్పై నాలుగేళ్ళు స్కూలు బస్సులు బాగుచేసిన చేతులు నావి. గంటలో బిగించేశాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అన్నయ్య నోరు తెరిచాడు. నేను పొంగిపోయాను. ఆ తర్వాత వదిన ఎక్కడం, కారు ఆగడం. మా బతుకు పెనం మీంచి పొయ్యిలో పడింది.

మూడోసారి ఆగిన రోజు వదిన తేల్చి చెప్పేసింది. "ఆదివారం ఒక్కసారి ఎక్కుతాను. మళ్ళీ ఆగిందా, సోమవారం పొద్దున్నే వాకిట్లో అమ్మకానికి బోర్డు పెడతాను. ఈ వయసులో ఈయన కార్లు తోసి గుండె ఆగి పడితే ఎవరు ఏడవాలి? నేనేగా!"

అన్నయ్య నన్ను గ్యారేజీలోకి తీసుకుపోయాడు. "అది పోతే పొద్దున్నే లేచి నేను ఎటు పోవాలే?" అన్నాడు.

శనివారం మేమిద్దరం కాల్యుమెట్ ఊరి దాకా వెళ్ళి వచ్చాం. కారు దగ్గనైనా దగ్గలేదు. నాకు ఒళ్ళు మండింది. వదిన బరువు ఎంతని? నాకంటే తక్కువే. బరువుకు ఆగేదైతే నాకే ఆగాలి. ఇక లాభం లేదని వంటింట్లోకి వెళ్ళి వదిన ఎదురుగా కూర్చున్నాను. ఆమె యాలకుల రొట్టె కోసి, కాఫీ పోసింది.

"వదినా, కారెక్కి నువ్వు ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, కూర్చుంటాను. పోలీసులా అడుగుతావేం?"

"కూర్చుని?"

"బెల్టు పెట్టుకుంటాను. దేవుణ్ణి తలచుకుంటాను. మీ అన్న నడిపే కారు కదా."

"నవ్వకుండా చెప్పు వదినా. నీకు దణ్ణం పెడతాను. చెయ్యి దేనికైనా తగులుతుందా?"

"హీటరు వేస్తాను. నాకు చలి. ఆయన కట్టేస్తాడు. ఆయన అటు తిరగ్గానే మళ్ళీ వేస్తాను."

అన్నయ్య గుమ్మంలోంచి అందుకున్నాడు. "ఇంజనుకు బరువని వందసార్లు చెప్పాను. కోటు వేసుకోమంటే వినదు."

"ఒంటరిగా ఉన్నప్పుడు నువ్వు హీటరు వేస్తావా?" అని అడిగాను.

"నేనా? జన్మలో వెయ్యలేదు," అన్నాడు గొప్పగా.

కాఫీ అక్కడే వదిలేసి గ్యారేజీకి పరిగెత్తాను. తలుపులు బార్లా తెరిచి ఇంజను వేశాను. హీటరు తిప్పాను, పెద్ద దీపాలూ వేశాను. రెండు నిమిషాలు. మూడు. టక్కున ఆగింది! హీటరు కట్టేసి తాళం తిప్పితే లేచింది. మళ్ళీ వేశాను, మళ్ళీ చచ్చింది. ఆ సంతోషానికి నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఎందుకో కూడా తెలియాలి కదా. నల్లముక్కకు వచ్చే తీగ దగ్గర మీటరు పెట్టాను. పన్నెండు వోల్టులు ఉండాల్సిన చోట ఏడు. హీటరూ దీపాలూ వేస్తే ఆరు. నల్లముక్కకు కరెంటు నేను స్పార్కు పుట్టించే కాయిల్ దగ్గర్నుంచి ఇచ్చాను. ఆ కాయిల్‌కు వచ్చేది మామూలు తీగ కాదు. పాయింట్లు మాడిపోకుండా కరెంటును తగ్గించి పంపడానికే ఆ కాలంవాళ్ళు వేసిన తీగ. పాయింట్లకు ఆ కాస్త చాలు. దీనికి చాలదు. హీటరు దాని నోటి దగ్గరి ముద్ద లాగేసుకుంటోంది.

నల్లముక్క వచ్చిన డబ్బాలోని కాగితం వెతికి తీశాను. దాని మీద నా కాఫీ కప్పు మరకలు. మొదటి పేరాలోనే ఉంది: కరెంటు తాళం దగ్గర్నుంచి వేరే తీగతో ఇవ్వవలెను. చెప్పుకుంటే సిగ్గుచేటు. నేను బాగుచేసినవన్నీ డీజిలు బస్సులు. డీజిలుకు స్పార్కే ఉండదు! ఆ ముప్పై నాలుగేళ్ళ గర్వంతో కాగితం చదవలేదు. పైగా నెలరోజులుగా ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ ముక్క చేసినవాళ్ళను తిట్టాను. చీకటి పడకముందే కొత్త తీగ లాగేశాను.

ఆదివారం సన్నటి వాన. వదిన ముందు, నేను వెనక. మా అదృష్టం కొద్దీ వంతెన లేచే ఉంది. వదిన హీటరు చివరిదాకా తిప్పింది. అన్నయ్య చెయ్యి అటు కదిలింది. వెనకనుంచి ఆ చేతి మీద ఒక్కటి వేశాను. దీపాలు వేయించాను. పడవ నింపాదిగా పోయింది. పది నిమిషాలు ఇంజను ఒకే తీరుగా ఆడింది. వంతెన దిగడం మొదలైంది.

"ఆగలేదు," అంది వదిన.

"ఆగలేదు." అన్నయ్య వదినవైపు తిరిగాడు. "అమ్మవుగా?"

"అమ్మను. దిగు."

"ఎందుకు?"

"ఇటొచ్చి కూర్చో. నేను నడుపుతాను."

నేను నోరు తెరిచాను. ఈమెకు ఆ కారంటే గిట్టదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. జిల్లా లైబ్రరీ వ్యాను ఇరవయ్యేళ్ళు మంచులో తిప్పిన మనిషి.

"హెల్మీ, దీని సంగతి నీకు తెలీదు..."

"నలభై తొమ్మిదేళ్ళుగా అదే పాట. పాయింట్లు సరిచేయడం తెలిసినవాళ్ళే నడపాలన్నావు. పెళ్ళయిన వారమే అన్నావు. ఏవీ పాయింట్లు? మీ చెల్లెలు చెత్తబుట్టలో పారేసింది. దిగు."

అన్నయ్య అద్దంలోంచి నావైపు చూశాడు.

"నన్ను చూడకు. నేను బస్సులదాన్ని," అన్నాను.

వదిన అప్పటికే సీటు మీద స్టీరింగు వైపు జరుగుతోంది. అన్నయ్య దిగి, వానలో కారు చుట్టూ తిరిగి అటు పక్కకు వచ్చాడు. వెనకాల హారన్లు మొదలయ్యాయి. తలుపు పట్టుకుని లాగాడు, రాలేదు. ఆ తలుపును కాస్త ఎత్తి లాగాలి. పాపం, ఎన్నడూ అటు ఎక్కని ఆయనకు ఆ సంగతి తెలీదు.