మూడో వంతు

నాకు సాగదీత అంటే ఒళ్ళు మంట. మా ఆయన యాజులు గారు కాఫీ కావాలని అడగడానికి కూడా వానల దగ్గర మొదలుపెడతారు. అసలు సంగతి చెప్పండి బాబూ అని ఎన్నిసార్లు కసిరానో నాకే గుర్తులేదు. బళ్ళోనూ అదే తీరు. నర్సీపట్నంలో ఇరవై ఆరేళ్ళు తెలుగు చెప్పాను. శ్యామలాంబ టీచరు దగ్గర చదివిన పిల్లలకు సంక్షిప్తీకరణలో మార్కు పోదని ఊళ్ళో పేరుండేది. ఆ పేరు విని మురిసిపోయేదాన్ని కూడా, ఎందుకు దాచాలి? ఇప్పుడు మాత్రం ఈ ఒక్క సంగతినీ ఏమీ కొట్టేయకుండా చెబుతాను. నిడివి పెరిగితే పెరగనీ.

ఏడో తరగతి పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా వచ్చేది. ఒక పేరా ఇచ్చి, దాన్ని మూడో వంతుకు కుదించి రాయమంటారు. పిల్లలు చేసే పని ఏమిటంటే, మొదటి నాలుగు వాక్యాలూ ఎక్కించేసి, మూడో వంతు రాగానే కలం మూసేస్తారు. కొందరు ఘనులు ఇచ్చినదానికంటే ఎక్కువే రాస్తారు. ఇలా కాదని నేను వాళ్ళ చేతికి ఎర్ర పెన్సిలు ఇచ్చాను. చెప్పిందే మళ్ళీ చెబితే కొట్టెయ్. పోలిక తెస్తే కొట్టెయ్. మర్యాదకు రాసిందైతే కొట్టెయ్. మిగిలింది నీ మాటల్లో చెప్పు. మీ అమ్మ చేటతో బియ్యం చెరగడం చూడలేదా, పొల్లు పోతే పోనీ అనేదాన్ని.

డెబ్భై ఆరులో నా క్లాసులో లోవలక్ష్మి అనే పిల్ల ఉండేది. నాతవరం నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. దాని నోట మాట రావడమే గగనం. కానీ పేజీ ఇస్తే రెండు వాక్యాల్లో తేల్చేసేది. నా చిన్నతనం నాకే కనిపించినట్టుండి, ఆ పిల్లంటే ముచ్చటగా ఉండేది.

అప్పట్లో మా బడి గేటు దగ్గర జోగులమ్మ గంప పెట్టుకుని ఉసిరికాయలు, జీళ్ళు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, కొండబాబు. ఏజెన్సీలో రోడ్డు పనికి వెళ్ళాడు, చింతపల్లి దాటి ఎక్కడో. ఆవిడ గుడిసెకు డోరు నంబరు లేదు కనుక వాడి ఉత్తరాలు బడి చిరునామాకే వచ్చేవి. ఆవిడకు చదువు రాదు. చదివి పెట్టే పని నా మెడకు చుట్టుకుంది.

ప్రతి ఉత్తరమూ ఒకేలా మొదలయ్యేది. "అమ్మకు కొండబాబు రాయునది. ఉభయకుశలోపరి. నేను ఇక్కడ క్షేమం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను." అయిదో తరగతిలో ఉత్తరం రాయడం ఎలా నేర్పారో అలాగే, అక్షరం పొల్లుపోకుండా. నేనేమో అది దాటేసి సంగతిలోకి వెళ్ళబోతాను. మొదట్నుంచి చదవండమ్మా అని జోగులమ్మ పట్టుకుంటుంది. ఆ వాక్యం వచ్చేసరికి గంపలో కాయలు సర్దే చెయ్యి ఆగిపోయేది. నాతోపాటు పెదాలు కదిపేది. లోకమంతా అదే రాస్తుంది జోగులమ్మా, అందులో ఏముంది, తర్వాతది విను అని విసుక్కునేదాన్ని.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. తగలబడిపోను, తెలివే. పుస్తకంలో పేరాల కంటే నిజం ఉత్తరాలు కుదిస్తేనే పిల్లలకు పని పట్టుబడుతుందని, జోగులమ్మ ఉత్తరాలు లోవలక్ష్మికి అప్పగించాను. అది చదివి, కొట్టేసి, మూడు వాక్యాల్లో చెప్పేది. చివర్లో జోగులమ్మ, బాగున్నానని రాసినాడా పాపా అని అడిగేది. రాశాడని లోవలక్ష్మి చెప్పేది. ఆవిడ గంప దగ్గరికి వెళ్ళిపోయేది. నాకు నెలకో అరగంట మిగిలింది.

శ్రావణమాసంలో తనిఖీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు రామనాథం గారు మా క్లాసులో కూర్చున్నారు. ఆ పూటే కొండబాబు ఉత్తరం వచ్చిందని అటెండరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇంతకంటే మంచి అవకాశం దొరకదనిపించింది. మా పద్ధతి చూడండి సార్ అని, లోవలక్ష్మిని లేపి, ఉత్తరం దాని చేతిలో పెట్టాను. అది లోపల చదువుకుంది. ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసింది. వానల వల్ల పని ఆగింది, చలిగా ఉంది, దుప్పటి పంపమన్నాడు అని మూడు ముక్కల్లో చెప్పింది. భేష్ అన్నారు ఆయన. ఆ తల్లిని కూడా పిలిపించమన్నారు, చూస్తానని.

జోగులమ్మ చేతులు కోకకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోవలక్ష్మి ఆ మూడు ముక్కలూ మళ్ళీ చెప్పింది.

"బాగున్నానని రాసినాడా?" అంది జోగులమ్మ.

లోవలక్ష్మి ఉత్తరం వంక చూసింది. నా వంక చూసింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. సరిగ్గా పెద్దాయన ముందే తడబడాలా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. కళ్ళెర్రజేశాను. అది నోరు మూసుకుంది.

"రాయకేం? ఎప్పుడూ రాసేదే కదా," అని నేనే చెప్పాను. ఉత్తరం నా చేతిలో కూడా లేదు.

జోగులమ్మ ఆ మధ్యాహ్నమే ఇంట్లో ఉన్న ఒక్క దుప్పటీ మడతపెట్టి, తాడు కట్టి, చింతపల్లి బస్సు కండక్టరు చేతికిచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు విజిటర్స్ బుక్కులో నా గురించి నాలుగు మంచి మాటలు రాసి వెళ్ళారు.

పన్నెండో రోజున సింగన్న అనే మేస్త్రీ కొండ దిగి వచ్చాడు. ఏజెన్సీ జ్వరం, కొండబాబు పోయాడు. వర్షాలకు శవాన్ని దించలేక అక్కడే పాతిపెట్టారట. దుప్పటి చింతపల్లి టీ కొట్టులోనే ఉండిపోయింది. వచ్చి తీసుకెళ్ళడానికి వాడికి లేచే ఓపిక లేదు, పంపడానికి మనిషి లేడు. కట్టిన తాడు కట్టినట్టే దాన్ని సింగన్న తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఉత్తరం మాకు అందాక కూడా వాడు తొమ్మిది రోజులు బతికే ఉన్నాడట.

కర్మ అయిన మర్నాడు జోగులమ్మ ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చింది. మొదట్నుంచి చదవమంది. అప్పుడు, మొదటిసారి, నేను దాన్ని విప్పి చూశాను.

"అమ్మకు కొండబాబు రాయునది. వానలు వదలడం లేదు. పని ఆగింది. చలి వేస్తోంది. పగలు కూడా చలి వేస్తోంది. దుప్పటి ఉంటే పంపు."

అంతే ఉంది. రెండోసారి రాసిన చలి మీద ఎర్ర గీత ఉంది. చెప్పిందే మళ్ళీ చెబితే కొట్టెయ్ అన్నది నేనే కదా. ఉభయకుశలోపరి లేదు. ఒంట్లో బాగాలేదని రాస్తే తల్లి బెంగపెట్టుకుంటుందనుకున్నాడు కాబోలు. క్షేమమని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఆ వాక్యమే వదిలేశాడు. ఆ ఉత్తరంలో వాడు చెప్పుకున్న సంగతి అదొక్కటే.

జోగులమ్మ ఎదురుగా కూర్చుని పెదాలు కదపడానికి సిద్ధంగా ఉంది. "ఉభయకుశలోపరి. నేను ఇక్కడ క్షేమం," అని చదివాను. ఆవిడ కూడా నాతోపాటే అంది.

అప్పట్నుంచి నెలకోసారి వచ్చేది. ప్రతిసారీ ఆ ఉత్తరమే, మొదట్నుంచి. తొమ్మిదేళ్ళు చదివాను. కొన్నాళ్ళకు ఆ వాక్యం నాకు కాగితం మీద నిజంగానే కనబడటం మొదలైంది, వాడి వంకర అక్షరాలతో సహా. అమ్మయ్య, ఉందిగా అనుకునేదాన్ని. క్లాసులో పిల్లలు పేరా కుదిస్తుంటే, గుమ్మం దగ్గర ఎవరో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డట్టుండేది. తలెత్తితే ఎవరూ ఉండరు. ఎర్ర పెన్సిళ్ళు మానేశాను. భయం మానలేదు.

లోవలక్ష్మి ఆ ఏడు పరీక్షలో సంక్షిప్తీకరణ ప్రశ్న వదిలేసింది. నా క్లాసులో అందరికంటే బాగా రాసే పిల్ల! ఎందుకలా చేశావే అని అడిగితే తల దించుకుని, "కొట్టెయ్యాలంటే బయ్యమండీ," అంది. ఆ రోజు గుమ్మం దగ్గర తను ఏం చెప్పబోయిందో నేను అడగలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఎనభై అయిదులో జోగులమ్మ ఉండే పేటలో వయోజన విద్యా కేంద్రం తెరిచారు. అక్కడ చదువు చెప్పడానికి కుదిరింది మా లోవలక్ష్మే. ఇంటర్ అయి ఖాళీగా ఉందట. జోగులమ్మ కూడా పలక పట్టిందని విని, ఈ వయసులో ఏం వస్తుందిలే అనుకున్నాను. మిగతా వాళ్ళందరికీ అ ఆలు పెట్టి, జోగులమ్మ పలక మీద మాత్రం లోవలక్ష్మి ముందుగా క్ష రాసి దిద్దించిందని నాకు తర్వాత తెలిసింది.

ఒక శనివారం మధ్యాహ్నం జోగులమ్మ వచ్చి మా వీధి అరుగు మీద కూర్చుంది. చదవండి అనలేదు. మూట విప్పి పన్నెండు ఉత్తరాలూ వరసగా పరిచింది. ఒక్కో దాంట్లో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. ఆ వేలు ఎక్కడ ఆగుతోందో చూస్తూ కూర్చున్నాను.

"పదకొండిట్లోనూ ఉందమ్మగారూ," అంది. పన్నెండో ఉత్తరం ఎత్తి నా ముందు పెట్టింది. "దీన్లో క్ష లేదు. మీరెక్కణ్నించి సదివీవోరు?"

అప్పుడైనా అబద్ధం చెబుదామనే అనిపించింది నాకు. సిగ్గులేని మనసు. కానీ ఆ వేలు ఇంకా కాగితం మీదే ఉంది. లేదు జోగులమ్మా, ఆ రోజు కూడా లేదు, చూడకుండానే చెప్పాను, పిల్ల చెప్పబోతే నేనే నోరు మూయించాను అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

ఆవిడ ఏడవలేదు. ఎర్ర గీత మీద వేలితో రుద్దింది.

"ఆ దినం లేదని సెప్పుంటే, బస్సుకి దుప్పటి ఎల్లేది కాదమ్మగారూ," అంది. "నానెల్లీదాన్ని."

పదకొండు ఉత్తరాలు మూటగట్టుకుంది. పన్నెండోది అరుగు మీదే వదిలేసి మెట్లు దిగింది. మళ్ళీ ఎప్పుడూ చదవమని రాలేదు.