బాటిల్ జేబులో తుపాకీ

మా బావ సంచి నా మిషన్ మీదికి రావడం ఇది నాలుగోసారి.

నేను వీపుసంచులు కుడతాను, చిరిగినవి బాగుచేస్తాను. బావకు వేట పిచ్చి. సెలవు దొరికితే చాలు, లైసెన్సు తుపాకీ తీసుకుని, అక్కను వెంటేసుకుని కొండలెక్కుతాడు. తుపాకీకి భుజాన వేసుకునే మంచి పట్టీ కుట్టిస్తానంటే వద్దంటాడు. భుజం నొప్పి పుడుతుందట, పాపం! అందుకని మొదటిసారి ప్యాంటు బెల్టుతో సంచికి కట్టాడు. రెండోసారి సైకిల్ ట్యూబుతో. మూడోసారి దుప్పటి చింపి తాడు పేనాడు. మూడుసార్లూ నా కుట్లు పిగిలిపోయాయి. మూడుసార్లూ ఆయనగారు అదేదో ఘనకార్యమన్నట్టు చెప్పుకున్నాడు.

ఈసారి నీళ్ల బాటిల్ పెట్టుకునే పక్కజేబు అడుగు ఊడింది.

"తుపాకీ చెక్కపిడి ఇందులో దూర్చి, పైన బూటు లేసుతో కట్టేశానోయ్. రెండు చేతులూ ఖాళీ! ఎలా ఉంది?" అన్నాడు బావ.

"ఛీ! లీటరు నీళ్లకు కుట్టిన జేబు బావా అది. గొట్టం ఎవరివైపు చూస్తుందో ఎప్పుడైనా చూశావా?"

"అబ్బో, పెద్ద చెప్పొచ్చావులే! తూటాలు తీసేసే నడుస్తా. రేపు పొద్దున్నే బయల్దేరాలి, ముందు కుట్టు."

అక్క స్టూలు మీద కూర్చుని, మెడ రుద్దుకుంటూ టీ తాగుతోంది. ఆర్నెల్లుగా అదే నొప్పి. నేను కుట్టిచ్చిన కొత్త దిండు కూడా పనిచేయలేదట.

నేను నమ్మడం లేదని బావకు రోషం వచ్చింది. సంచి తగిలించుకుని, నా కొలబద్దను రెండో పక్కజేబులో దూర్చి, "కట్టవే," అన్నాడు. అక్క లేచి లేసు ముడేసి, మళ్లీ కూర్చుంది.

బావ కొట్లో దర్జాగా నాలుగడుగులు వేశాడు. అక్క ముందు ఆగి, బూటు సర్దుకోవడానికి వంగాడు. కొలబద్ద కొస ఊగుతూ అక్క మొహం మీదికి వచ్చింది. అక్క నాతో ఏదో చెబుతోంది. చెబుతూనే, అటు చూడకుండానే, మెడ ఎడమకు వంచేసింది. టీ చుక్క కూడా తొణకలేదు.

ఒట్టి చెక్కముక్కకు!

దిండు కుట్టిచ్చిన నా తెలివి మీద నాకే రోత పుట్టింది.

"అక్కా, ఈ మెడ నొప్పి బావ తుపాకీ పక్కన కొండలెక్కడం మొదలెట్టాకేనా?"

అక్క చెయ్యి మళ్లీ మెడ మీదికి వెళ్లింది. బావ మాత్రం, "దానికి అలవాటైపోయిందిలే," అని నవ్వాడు.

సంచి ఆయన వీపు మీద ఉండగానే, కత్తెర తీసి రెండు భుజాల పట్టీలూ కత్తిరించాను. సంచి దభీమని కింద పడింది.

"ఒరేయ్! నీకేమైనా పిచ్చా? కుట్టు ముందు!" బావ అరిచాడు.

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. మెడ మెల్లగా నిటారుగా ఎత్తింది.

"వద్దురా, కుట్టకు," అంది.