బ్యాంటమ్ తూకం

కార్వాన్‌లో బసవయ్య చింతపండు దుకాణం ముందు ఒక పెద్ద కాటా ఉండేది. పగలు దాని మీద బస్తాలు ఎక్కేవి, పొద్దువాలితే మనుషులు ఎక్కేవాళ్లు. మనుషులెక్కే రివాజు పెట్టింది ఖాదర్ భాయ్. పటాలంలో బాక్సింగ్ ఆడి వచ్చి, పక్క గల్లీలో రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఎవరు ఎంత తూగితే ఆ బరువులో పుట్టిన గొప్ప బాక్సర్ ఎవరో వాళ్లే చెప్పాలి, చెప్పి నిలబెట్టాలి. ఓడినవాడిది చాయ్.

బసవయ్య తొంభై రెండు కిలోలు తూగేవాడు. కాబట్టి హెవీవెయిట్ అతని జాగీరు.

"జో లూయీ పన్నెండేండ్లు గద్దె దిగలే. మీ అలీ మూడేండ్లున్నడు, పోయిండు, మొన్న మళ్ల వచ్చిండు. దుకాణం పన్నెండేండ్లు తెరిచినోడు గొప్పనా, నడుమల మూసి తెరిచినోడు గొప్పనా?"

"అలీ దుకాణం అలీ మూసిండా సేటూ? యుద్ధానికి పోనన్నడని సర్కారు మూయించింది," అనేవాడు ఖాదర్ భాయ్. "అయినా హెవీ అంటే బండల కొట్లాట. అసలు మాల్ అరవై ఏడు కిలోలల్ల ఉంటది. రాబిన్సన్. మొదటి నూరు కొట్లాటలల్ల ఒక్కటి ఓడిండు. గసుంటి సరుకు నీ దుకాణంల ఎన్నడన్న దిగిందా?"

బసవయ్య తమ్ముడు విశ్వేశ్వర్ ఈ లొల్లిలో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఖాదర్ భాయ్ తయారుచేసిన బాక్సర్లలో మిగిలింది అతనొక్కడే. తన వంతు వచ్చినప్పుడు మాత్రం, "బ్యాంటమ్‌ల జోఫ్రే. బ్రెజిలోడు. ఐదేండ్లు వాణ్ణి ఓడగొట్టుడు ఎవ్వనితోని కాలే," అని దిగిపోయేవాడు.

1975 మార్చిలో ఆ మాటకు బరువొచ్చింది. ఊరి బయటి కర్మాగారం ఒకటి ఆటగాళ్ల కోటాలో పోటీ పెట్టి ఒకే ఒక్క బాక్సర్‌ను ఉద్యోగంలోకి తీసుకుంటానంది. బ్యాంటమ్, అంటే యాభై నాలుగు కిలోల లోపు. పై క్లాసులో వాళ్లకు మనిషి ఉన్నాడు. వయసు ఇరవై ఐదు దాటకూడదు. విశ్వేశ్వర్‌కు ఏప్రిల్‌లో ఇరవై ఐదు నిండుతాయి. దుకాణం ఒక సంసారాన్ని మోస్తుందే తప్ప రెండింటిని మోయదని బసవయ్య ఏనాడో తేల్చుకున్నాడు. తమ్ముడికి ఇది తప్పితే హమాలీ పనే.

విశ్వేశ్వర్ అప్పటికి ఒళ్లొచ్చి యాభై ఎనిమిది కిలోలు. మూడు వారాలు మాడ్చుకున్నాడు. రోజుకొక జొన్నరొట్టె, రెండు గ్లాసుల నీళ్లు. రోజూ సాయంత్రం కాటా ఎక్కేవాడు, బసవయ్య ముల్లు చూసి పైకి చెప్పేవాడు. తూకానికి ముందురోజు సాయంత్రం ముల్లు యాభై మూడున్నర దగ్గర నిలిచింది.

"అరకిలో జాగా ఉన్నది తమ్మీ. రేపు కొట్లాడాలె, ఇంత తిను," అని బసవయ్య తన భార్య ఆగమ్మతో రెండు రొట్టెలు, ఒక గ్లాసు పాలు తెప్పించి దగ్గర కూర్చుని తినిపించాడు. మూడు వారాల తరువాత తమ్ముడు కడుపునిండా తినడం చూసి అతనికి కళ్లు చల్లబడ్డాయి.

అప్పుడే ఖాదర్ భాయ్ వచ్చాడు. వస్తూనే కాటా ఎక్కాడు.

"అరవై ఏడు," అన్నాడు బసవయ్య.

"చూసినవా. పొద్దుగాల నాంపల్లి స్టేషన్ల పైస వేసి మిషిన్ ఎక్కిన, అరవై ఎనిమిది అన్నది." జేబులోంచి అట్టముక్క తీసి చూపాడు. "రాబిన్సన్ క్లాసుల నుంచి నన్ను బయటికి తోసింది. నీ కాటానే నయం సేటూ, నా ఇజ్జత్ కాపాడింది."

"స్టేషన్ మిషిన్‌కేం తెలుసు భాయ్. మా బాపు నాటి కాటా ఇది, సంచి తరుగు కూడ..."

బసవయ్య చూపు తమ్ముడి మీద పడింది.

చింతపండు గోనెసంచిలో వస్తుంది. ప్రతి బస్తాకూ సంచి బరువు తీసేసే బాధ లేకుండా, అతని తండ్రి కాటా మర ఒకసారే తిప్పి కిలో తగ్గించి పెట్టాడు. సంచి ముప్పావు కిలోయే ఉంటుంది. మిగిలిన పావు దుకాణానికి. బజారులో అందరూ చేసేదే, అమ్మవచ్చిన వాళ్లకూ తెలిసిందే. పదిహేనేళ్లుగా ఆ కిలో అలా ఉండి ఉండి, బసవయ్య లెక్కలో అసలు లేకుండానే పోయింది. బస్తాకు సంచి ఉంటుంది. మనిషికి ఉండదు.

అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏమైంది అన్నా?"

చెప్పకపోతే పొద్దున తూకమే చెబుతుంది. చెప్పాడు. కిలో సంగతి చెప్పాడు, రొట్టెల బరువు కూడా తనే కలిపి చెప్పాడు. యాభై నాలుగున్నరకు మరో నాలుగువందల గ్రాములు.

విశ్వేశ్వర్ మోరీ దగ్గరికి పోయి గొంతులో వేళ్లు పెట్టుకున్నాడు.

తరువాత ఒంటికి గోనెలు చుట్టుకుని, పైన కంబళి కప్పుకుని పురానాపూల్ దాకా పరుగెత్తాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ పోయాడు. వెంట సైకిల్ మీద బసవయ్య. చింతపండు నమలడం, ఊరిన నీళ్లన్నీ ఉమ్మేయడం. పాత కొత్త సరుకులన్నీ చూసి బసవయ్య ఎంచి మరీ పుల్లనిది ఇచ్చాడు. తెల్లవారేసరికి తమ్ముడి నోట్లో ఉమ్మడానికి తడి లేదు, ఒంట్లో చెమట లేదు.

స్టేడియంలో ఎనిమిదింటికి తూకం. యాభై నాలుగు కిలోల రెండువందల గ్రాములు.

తూచే పెద్దమనిషి చెడ్డవాడు కాదు. గంట టైమిచ్చాడు. గేటు బయట మంగలి చేత గుండు కొట్టించారు. ఎండలో మళ్లీ పరుగెత్తించారు. రెండోసారి విశ్వేశ్వర్ బట్టలన్నీ విప్పి, గోడకు మొహం తిప్పి ఎక్కాడు. ముల్లు యాభై నాలుగు దాటి ఇంకో యాభై గ్రాముల మీద నిలబడి కదలలేదు.

యాభై గ్రాములంటే గుప్పెడు చింతపండు. బసవయ్య దాన్ని తూచనైనా తూచడు, కొసరు కింద పొట్లంలో పడేస్తాడు.

"సార్, కొంచెం చూడండి," అన్నాడు చేతులు కట్టుకుని. "తప్పు పోరనిది కాదు సార్. కాటాది. నాది."

"మీ కాటా సంగతి నాకెట్ల తెలుస్తదయ్యా. నేను ఈ కాటా మీద సంతకం పెట్టాలె." పెద్దమనిషి పేరు కొట్టేసి, తరువాతి వాణ్ణి పిలిచాడు.

బయట మెట్ల మీద విశ్వేశ్వర్ సోడా రెండు గుక్కలు తాగి, మూడోది మింగలేక పట్టుకుని కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ అతని గుండు మీద చెయ్యేశాడు.

"ఫికర్ జేయకు బేటా. జోఫ్రే గూడ బరువు దించలేక దించలేక ఓడి ఇంట్ల కూసున్నడు. మూడేండ్లకు లేచి, పై క్లాసుల టైటిల్ కొట్టిండు. అందుకే నేనంట, బ్యాంటమ్‌ల వాణ్ణి మించినోడు లేడని."

జోఫ్రేను ఎవరూ వయసు అడిగి వెనక్కి పంపలేదని బసవయ్యకు తెలుసు.

విశ్వేశ్వర్ సోడా సీసా అన్న చేతిలో పెట్టి, మెట్టు పట్టుకుని లేచాడు.

"పోదాం పా అన్నా," అన్నాడు. "మన కాటా మీద నేనింకా బ్యాంటమే."