ఆ పొద్దు ఏమంటివి?

"ఆ పొద్దు వాడు పొయ్యేటప్పుడు వానితో ఏమంటివమ్మా?"

రవ్వ వేయించి పెట్టి, ఉప్పిట్టుకు ఉల్లిగడ్డలు తరుగుతున్న కెరోలిన్ తలెత్తలేదు. ఇప్పుడు అడిగింది పక్కింటి ఓబులమ్మ. నిన్న చర్చి పెద్దల భార్యలు అడిగారు. అందరికంటే ముందు అడిగింది మామ మోజెస్, తన కొడుకు ఎరిక్ సమాధి మీద మట్టి వేసి ఇంటికొచ్చిన రోజునే. రెండు నెలలు దాటినా బళ్ళారి కంటోన్మెంటులోని అత్తగారింటికి పరామర్శకు వచ్చేవాళ్ళు తగ్గలేదు. వాళ్ళకు టీలు కాచే పని ఆమెకు తప్పలేదు. మొగుడు పోయిన మనిషికి ఏడవడానికి కూడా వంటగదే దొరికింది.

"ఏమీ అనలేదత్తా. మామూలుగానే పోయినాడు."

అది అబద్ధం.

ఎరిక్ వాయుసేనలో కొత్తవాళ్ళకు విమానం నడపడం నేర్పేవాడు. ఐదేళ్ళలో మూడు ఊళ్ళు మారారు. ల్యాబ్ టెక్నీషియన్ చదివిన కెరోలిన్ మొదటి రెండు ఊళ్ళలోనూ ఉద్యోగంలో చేరి, అతని బదిలీతో వదులుకుంది. మూడో ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు రమ్మన్నారు. ఆ పొద్దున అతను బూట్లు తొడుక్కుంటుంటే, "సోమవారం చేరుతున్నా" అంది. ఇద్దరి గొంతులూ లేచాయి. అతను తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఎంత త్వరగా మండిపడేవాడో అంత త్వరగా చల్లబడే మనిషి. సాయంత్రం మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చి, ఏమీ జరగనట్టు నవ్వేవాడు. ఆ సాయంత్రం రాలేదు. పొద్దున పదిన్నరకే శిక్షణ విమానం జొన్నచేలో కూలిపోయింది. మూసిన పెట్టెనే ఇంటికి పంపారు, ముఖం కూడా చూడనివ్వలేదు. ఆ మాట మరుసటి రోజు చెప్పి ఉంటే? రోజూ పొయ్యి ముందు నిలబడి తనను తాను అడుగుతూనే ఉంది.

ఓబులమ్మ వెళ్ళాక వాయుసేన నుంచి దర్యాప్తు సంగతి రాసిన ఉత్తరం వచ్చింది. మోజెస్ రిటైరైన హెడ్మాస్టరు. ఇంగ్లీషులో చదివి, భార్య కృపమణికి తెలుగులో చెప్పాడు. గాల్లో ఇంజను ఆగిపోయింది. పక్క సీట్లోని ట్రైనీ బయటికి దూకేదాకా ఎరిక్ విమానాన్ని నిలబెట్టాడు. ఆ పిల్లవాడు బతికాడు. ఎరిక్‌కు సమయం చాలలేదు.

కాగితం మడుస్తూ మోజెస్ అన్నాడు. "ఇంజను సంగతి సరే. మనసు బాగుండింటే వాడు అర సెకను ముందే దూకేటోడు. ఇంట్లో బేజారు చేసి పంపితే ధ్యాస యాడుంటాది?"

కెరోలిన్ చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. "ఆ కాగితం ఇట్లియ్యండి మామా." తీసుకుని, విప్పి, ఆయన ముందు పట్టింది. "ఇంజను ఆగిందని రాసినారు. పిల్లోడు దూకేదాకా మీ కొడుకు ఆగినాడని రాసినారు. నా పేరు యాడుండాదో చూపించండి."

మోజెస్ కాగితం వైపు చూడలేదు. "కోడలికి నోరు లేచిందే," అని గొణిగి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

ఈ రెండు నెలల్లో ఒక్క ప్రశ్నా అడగని కృపమణి, వంటగదిలోకి తిరిగి వెళ్ళి చతికిలబడిన కోడలి పక్కన వచ్చి నేల మీద కూర్చుంది.

"నువ్వేమంటివని అందరూ అడిగితిరి. వాడేమన్యాడు నీతో?"

కెరోలిన్ చేతిలోని కాగితాన్ని పక్కన పెట్టింది.

"'నీ సంపాదన ఎవురికి కావాల? నేనొచ్చేసరికి తలుపు తీసేందుకు ఇంట్లో పడుండు' అన్నాడత్తా." ఏడుపు ఆగలేదు. "ఆయన మీద కోపం పోలా. చచ్చిపోయినోని మీద కోపమని ఎవురితో చెప్పుకునేది? ఆయన కావాలని కూడా ఉండాది."

కృపమణి కొంగుతో ముఖం కప్పుకుంది. కొంగు వెనక నుంచి మాట వచ్చింది. "ఆ మాట వాడు ఈ ఇంట్లోనే నేర్చుకున్యాడు తల్లీ. వాళ్ళ నాయన నన్ను అంటాంటే విని పెరిగినాడు. నేనే ఏ పొద్దూ ఎదురు చెప్పకపోతి."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఉప్పిట్టు చల్లారిపోయింది.

గనుల డబ్బుతో ఊళ్ళో వీధికొక ఆసుపత్రి లేస్తున్న రోజులవి. బ్రూస్‌పేటలో కొత్తగా తెరిచిన ల్యాబ్‌కు మనుషులు కావాలన్న సంగతి కెరోలిన్ పదిరోజులుగా మనసులోనే ఉంచుకుంది. ఇప్పుడు చెప్పింది.

"మామను అడగాల," అంది కళ్ళు తుడుచుకుంటూ.

కృపమణి నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

"అడిగి పోవద్దు. చెప్పి పో."