తొమ్మిది వేల అడుగులు

నటెర్సియా తమ్ముడు అదెరీతు ఆ పొద్దున కెనడా నుంచి ఒంటి ఇంజిను విమానాన్ని అట్లాంటిక్ నడుమనున్న మా సాంతా మరియా దీవికి తోలుకొస్తున్నాడు. కొన్నవాళ్లకు విమానాలు చేర్చడమే అతని పని. నడిసముద్రం మీంచి మాట మాకు అందాలంటే విమానం తోక వెనక వేలాడే పొడుగాటి రేడియో తీగే ఆధారం. రేడియో దగ్గర నటెర్సియా, పక్క కుర్చీలో నేను.

పదిన్నరకు పిలిచాడు. "అక్కా, రెక్కల మీద మంచు పేరుకుంటోంది. తొమ్మిది వేల అడుగుల నుంచి ఏడు వేలకు దిగనా?"

"ఆగు. అడిగి చెప్తా."

"ఆగుతాలే. నీ మాట లేకుండా ఈసారి తుమ్మను కూడా తుమ్మను."

ఆమె నవ్వలేదు. నిరుడు చెప్పకుండా కిందికి దిగాడని రిపోర్టు రాసింది ఆమే. ఆర్నెల్లు లైసెన్సు లేక రేవులో చేపల బుట్టలు మోశాడు.

మేం మాట చేరవేసేవాళ్లమే. అనుమతి ఇచ్చేది పక్క గదిలో గ్రసియానో. కింద ఎగిరే ఇంకో విమానం ఎక్కడుందో చూసి సరేననడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"అదెరీతూ, దిగు. ఏడు వేలకు దిగు."

కాగే నూనెలో చేపముక్క వేసినట్టు చరచర తప్ప ఏమీ వినిపించలేదు. పైన పోయే పెద్ద విమానాలనూ అతన్ని పిలవమన్నాం. వాళ్లకూ పలకలేదు.

"మంచు బరువుకి తీగ తెగుంటుంది. వాడే దిగేస్తాడ్లే," అన్నాను.

"దిగడు. రేడియో పోతే చివరగా ఇచ్చిన ఎత్తులోనే రావాలని వల్లె వేయించింది నేనే."

"ప్రాణం మీదికొస్తే దిగొచ్చని కూడా ఉందిగా."

"నిరుడు వాడూ అదే అన్నాడు. సాకులు చెప్పొద్దన్నాను."

రేడియో మూగబోయినవాడి దారికి ఎవరూ అడ్డం వెళ్లకూడదు. దారి పొడుగునా తొమ్మిది వేల ఎత్తును గ్రసియానో ఖాళీగా ఉంచాడు. వెతకడానికి విమానం వెళ్లింది. అదెరీతు దగ్గర ఇంధనం అయిదింటి దాకా ఉంది.

ఆమె కుర్చీ వదల్లేదు. మొదట విమానం నంబరుతో పిలిచింది, మధ్యాహ్నం దాటాక పేరుతో. "ఒరే, ఏమీ రాయను. దిగరా."

వెతికినవాళ్లకు నీళ్లే కనిపించాయి. అయిదూ పదికి ఇంకో పైలటు అదే దారిలో తొమ్మిది వేలు అడిగాడు. గ్రసియానో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇంకో అరగంట ఆగుదామా, నటెర్సియా?"

"ఇంధనం ఆగదుగా. ఇచ్చెయ్."

అతను తలూపాడు. ఆమె మీట నొక్కింది. "తొమ్మిది వేలు మీకే. మంచు పేరుకుంటే దిగిపోండి."

"అడిగే దిగుతాను మేడమ్."

"అడగొద్దు. దిగాక చెప్పండి."

మా గదిలో ప్రతి మాటా రికార్డవుతుంది; అడక్కుండా దిగమన్నందుకు ఆమె మీదే రిపోర్టు పడొచ్చు. గ్రసియానో విన్నాడు. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లి, తొమ్మిది వేలు ఆ పైలటు పేరున రాసుకున్నాడు.